పెనం చిన్నది, పిండి పుట్టెడు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కిన ఒక డిగ్రీ కుర్రాడు ఈమధ్య ఓ దుకాణంలో రైజెన్ 5 5600 ధర అడిగాడు. కౌంటర్ వెనకున్నాయన నవ్వాడు. ‘‘అది పాతదయిపోయింది తమ్మీ. ఇంకో పదిహేను వేలు పెట్టుకో, ఫ్యూచర్ ప్రూఫ్ అయితది’’ అన్నాడు. ఇంట్లో మానిటర్ ఏది, ఆడే ఆట ఏది, జేబులో ఉన్నదెంత? ఒక్క ప్రశ్నా లేదు. కుర్రాడు అడిగింది బల్ల మీద ఓ మూల ఇమిడే చిన్న గేమింగ్ పెట్టె. ఆయన అమ్మజూపింది భవిష్యత్తు.

ఫ్యూచర్ ప్రూఫ్! ఈ ఒక్క మాట ఎన్ని జేబులకు చిల్లు పెట్టిందో. భవిష్యత్తు కోసమని 2022, 2023లలో ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద చిప్‌లు కొన్నవాళ్లకు దక్కిందేమిటి? ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోవడం, నీలి తెరలు. అవసరానికి మించిన వోల్టేజీ అడిగి పుచ్చుకుంటూ ఆ చిప్‌లు తమను తామే అరగదీసుకుంటున్నాయని 2024లో బయటపడింది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ వచ్చింది, వారంటీ మరో రెండేళ్లు పొడిగించారు. అప్పటికే అరిగిపోయిన చిప్‌కు ఏ సవరణా ప్రాణం పోయలేదు. 2022 జనవరిలో వచ్చిన ఐ5-12400ఎఫ్ చవకరకమే. దానికి ఈ రోగం సోకనేలేదు.

ఆ గొడవ సద్దుమణగకముందే 2024 అక్టోబర్‌లో కోర్ అల్ట్రా 9 285కె దిగింది. కొత్త పేరు, కొత్త సాకెట్, అంటే మదర్‌బోర్డు కూడా కొత్తదే కొనాలి. తీరా చూస్తే చాలా ఆటల్లో సొంత అన్న 14900కె వెనకే నడిచింది. ఏఎండీ కూడా తక్కువ తినలేదు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైజెన్ 5 9600ఎక్స్‌కూ పాత 7600ఎక్స్‌కూ ఆటల్లో తేడా వెతకడానికి సమీక్షకులు భూతద్దం పట్టుకోవాల్సి వచ్చింది.

అసలు కోపం రావలసింది ఆ సమీక్షల బార్ల బొమ్మల మీద. ప్రాసెసర్లను పరీక్షించేటప్పుడు ఆర్‌టీఎక్స్ 4090 లేదా 5090 తగిలించి, తెరను 1080పీకి దించి ఆడిస్తారు. గ్రాఫిక్స్ కార్డు అడ్డు రాకుండా ప్రాసెసర్ సత్తా ఒక్కటే తేలాలని. ప్రయోగశాలకు అది సబబే. కానీ 5090 విడుదల ధరే 1,999 డాలర్లు. చూసేవాడు కొనబోయేది 299 డాలర్లకు వచ్చిన 5060. హోటల్లో పిండి రుబ్బేవాడు గంటకు వెయ్యి దోసెలకు రుబ్బుతాడు సరే, పెనం మీద పట్టేవి మూడే. ఫ్రేములో ఏముండాలో సిద్ధం చేసేది ప్రాసెసర్, దాన్ని గీసేది గ్రాఫిక్స్ కార్డు. 1440పీలో సైబర్‌పంక్ 2077ను అందంగా చూపించాలంటే 5060కే చెమటలు పడతాయి. అక్కడ 5600 కూర్చున్నా ఏఎండీ ఖరీదైన చిప్ 9800ఎక్స్3డి కూర్చున్నా తెర మీద కనబడేది ఇంచుమించు ఒకటే. బార్ల బొమ్మలో పై గీతకూ కింది గీతకూ కనబడే మూరెడు తేడా ఇంటికొచ్చేసరికి వేలెడైనా మిగలదు. అయినా కుర్రకారు ఆ గీతలను ఎంసెట్ ర్యాంకుల్లా చదువుతారు.

కౌంటర్ స్ట్రైక్ 2, వాలరంట్ ఆడుతూ 360 హెర్ట్జ్ తెర ముందు కూర్చునే పోటీగాడి సంగతి వేరు. అతనికి ప్రాసెసరే ప్రాణం, కొనుక్కోనివ్వండి. అతని పేరు చెప్పి ఊరందరికీ అంటగట్టడమే దారుణం.

ఇక పెట్టె. మినీ ఐటీఎక్స్ బోర్డు కొలత 170 మిల్లీమీటర్లకు 170. ర్యామ్ అరలు రెండే. పేరున్న 7.2 లీటర్ల డాన్ ఏ4 పెట్టెలో కూలర్ ఎత్తు 48 మిల్లీమీటర్లు దాటకూడదు. నోక్టువా చిన్న కూలర్ ఎన్‌హెచ్-ఎల్9ఐ ఎత్తు 37. ఆ బుల్లి ఫ్యాను కింద 253 వాట్ల దాకా లాగే 14900కెను పెడితే మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏమవుతుందో వేరే చెప్పాలా? సమీక్షలు చేసేది ఏసీ గదుల్లో. 5600 మాత్రం 76 వాట్ల దగ్గర ఆగిపోతుంది. కొత్తవాటిలో 7600 కూడా 88 దాటదు, 9800ఎక్స్3డి లాంటి ఎక్స్3డి చిప్‌లు ఆటల్లో కరెంటు పొదుపుగానే తాగుతాయి, నిజమే. కానీ దుకాణాల వాళ్ల వేలు ముందు చూపించేది 7600ను కాదు. ఎక్స్3డి ధరేమో గ్రాఫిక్స్ కార్డు వాటా మింగేస్తుంది.

‘ఏఎండీ కొత్త చిప్‌లు కూర్చునే ఏఎం5 సాకెట్ 2027 దాకా, ఆపైన కూడా ఉంటుంది, రేపు చిప్ మార్చుకోవచ్చు’ అన్నది మరో పాట. 2018లో బీ450 బోర్డు కొన్నవాళ్లు 2022లో అదే బోర్డులో 5800ఎక్స్3డి పెట్టుకున్న మాట నిజమే. వాళ్లు దాన్ని కొన్నది చవకని, జాతకం చూసి కాదు. ఇంతకీ వైర్లు కుక్కి మూత బిగించిన ఏడు లీటర్ల పెట్టెను మళ్లీ విప్పే ఓపిక ఎందరికుంటుంది?

పైగా ఏఎం5కు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోతుండటంతో దాని ధర చుక్కలనంటింది. ఆ డిసెంబరులో మెమరీ తయారీ సంస్థ మైక్రాన్ తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. 5600, 12400ఎఫ్‌లకు సరిపోయే డీడీఆర్4 ధర కూడా పెరిగింది గానీ, పాత పీసీలోంచి ఊడదీసి పెట్టుకునే వీలుంది.

మరి ఏం కొనాలి? 5600 గానీ 12400ఎఫ్ గానీ తీసుకుని, మిగిలింది గ్రాఫిక్స్ కార్డులో పోయడం. చవకలోనూ గోతులున్నాయి. 5500 పేరుకు 5600 తమ్ముడే గానీ ఎల్3 క్యాష్ సగం, 32కు బదులు 16 ఎంబీ. పైగా పీసీఐఈ మూడో తరం దగ్గరే ఆగింది. ఎనిమిది లేన్ల మీదే నడిచే 4060, 5060లను దానికి తగిలిస్తే దారి ఇంకా ఇరుకవుతుంది. 5500, 5600 డబ్బాలు రెండూ ఒకే అల్మరాలో పక్కపక్కనే ఉంటాయి. డబ్బా తిప్పి అంకె చదవందే బిల్లు వేయించకూడదు.