పదము చేయు పనిని చూడుడు

“వాటర్ అను పదము ఏ భాషాభాగము?” అని కొన్ని సంవత్సరముల క్రిందట తరగతిలో మేము అడిగితిమి. ఒక బాలుడు లేచి “క్రియ” అనెను. తక్కినవారు నవ్విరి. మేము “నామవాచకము” అని దిద్ది, వానిని బెంచీపై నిలువబెట్టితిమి. మరునాటి పాఠములోనే “వుయ్ వాటర్ ది ప్లాంట్స్” అను వాక్యము వచ్చెను. అందు ఆ పదము క్రియయే గదా! తప్పు బాలునిది కాదు. వాక్యము చూపక ప్రశ్న వేసిన మాది. ఆ మాట తరగతి యెదుట ఒప్పుకొంటిమి.

ఒకే మనుష్యుడు ఇంట తండ్రియు, బడిలో ఉపాధ్యాయుడును, అంగడిలో బేరగాడును అగునట్లు, ఇంగ్లీషు పదము చోటునుబట్టి పని మార్చుకొనును. “రౌండ్” అను పదమును చూడుడు. “ఎ రౌండ్ టేబిల్” అనునప్పుడు విశేషణము. “ది వాచ్‌మన్స్ రౌండ్” అనునప్పుడు నామవాచకము. “షిప్స్ రౌండ్ ది కేప్” అనునప్పుడు క్రియ. “టర్న్ రౌండ్” అనునప్పుడు క్రియావిశేషణము. “రౌండ్ ది ట్రీ” అనునప్పుడు ప్రిపొజిషను.

మన తెలుగున నీరు, నీటిని, నీటితో అని రూపమే పదముయొక్క సంబంధమును తెలుపును. వేయి సంవత్సరముల క్రిందటి ఇంగ్లీషునకును ఇట్టి ప్రత్యయములు పెక్కుండెను. అవి క్రమముగా రాలిపోగా, వాక్యములో పదమున్న స్థానమే చాలవరకు వాని పనిని చేయవలసివచ్చెను. కావున పదముల పట్టికలు వల్లించుటచే ఈ విద్య అలవడదు.

ఇంగ్లీషు పాఠములో తెలుగు వినబడరాదని కొందరందురు. మేము ఒప్పుకొనము. “స్లీపింగ్ చైల్డ్”, “వాకింగ్ స్టిక్” అను రెంటను పదాంతము ఒక్కటే. తెలుగు చేసి చూడుడు: మొదటిది నిద్రించుచున్న శిశువు, రెండవది నడచుటకు ఉపయోగించు కర్ర. శిశువు నిద్రించును గాని కర్ర నడవదు! మొదటిది క్రియాజన్య విశేషణమనియు, రెండవది క్రియనుండి పుట్టిన నామమనియు మాతృభాషయే తేటపరచుచున్నది. ఇట్టి సాయమును త్రోసివేయుట వివేకమా?

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఎనిమిది భాషాభాగముల లక్షణములు తడబడక వల్లించినంతమాత్రమున తృప్తిపడకుడు. ఒక వాక్యమిచ్చి, “ఈ పదము ఇక్కడ ఏమి పని చేయుచున్నది?” అని అడుగుడు. విద్యార్థులారా, వాక్యము చెప్పక పదము పేరుమాత్రము అడిగిన ఉపాధ్యాయుని, మమ్మునైనను సరే, “అయ్యా, ఏ వాక్యములో?” అని వినయముతో అడుగుడు. ఆ ప్రశ్న అడుగ నేర్చినవాడు వ్యాకరణములో సగము నేర్చినవాడే.