దెయ్యాన్ని నిలదీసిన మనిషి కథ తీయండి

మా వై.ఎన్.హొసకోటలో నేను మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీర నేస్తుంటే ఇంట్లో టీవీ మోగుతూనే ఉంటుంది. తెలుగు సీరియలైనా కన్నడ సీరియలైనా ఒకటే వరస. దెయ్యం లేదన్న చదువుకున్నవాడే నాలుగు వారాలు తిరక్కుండా భూతవైద్యుడి కాళ్లమీద పడతాడు.

అమెరికాలోనూ ఇంతే. 1973 ఫిబ్రవరి 21న ఎన్‌బీసీలో ‘ది నార్లిస్ టేప్స్’ వచ్చింది. డాన్ కర్టిస్ దాన్ని సీరియల్‌కు తొలి భాగంగా తీశాడు. మహిమల పేరిట జరిగే మోసాలమీద పుస్తకం రాస్తానన్న రచయిత నార్లిస్ మాయమైపోతాడు. అతను వదిలిన టేపులు ప్రచురణకర్త పెట్టుకుని వింటాడు. ఛానల్ ముందుకు రాక మొదటి టేపు దగ్గరే కథ ఆగింది. అది ఆగిపోయినందుకు నాకు బాధ లేదు. మోసం బయటపెట్టడానికి బయల్దేరినవాడికి ఆ మొదటి టేపులోనే చచ్చినవాడు లేచొచ్చి ఎదురవుతాడే, అదీ నా బాధ.

నిజంగా ఆరా తీసిన పెద్దమనిషి మన వైపే పుట్టారు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్.నరసింహయ్యగారు. భౌతికశాస్త్రం చదివారు, పెళ్లి చేసుకోకుండా బెంగళూరు నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలో బతికారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్‌గా ఉంటూ 1976లో మహిమలను పరీక్షించే కమిటీ వేశారు. మా ముందు చేసి చూపించండని పుట్టపర్తి సత్యసాయిబాబాకే ఉత్తరాలు రాశారు. బాబా ఒప్పుకోలేదు. పాండవపురలో ఒక పిల్లాడు విభూతి రాలుస్తాడని జనం విరగబడితే కమిటీ వెళ్లి చూసింది. విభూతి బట్టల్లో దాచి ఉంది. ఆ రోజుల్లో ఒక వైస్‌ఛాన్సలర్ ఇంతకు తెగించడమంటే మాటలా? ఆయన 2005లో పోయారు. తెలుగు ఛానళ్లు ఆయనమీద సీరియల్ తీయాలి.

ఊరికే అడగడం లేదు. మా వీధిలో ఒక పాపకు మూర్ఛ వస్తే గాలి సోకిందని ఊరూరా తిప్పి తాయెత్తులు కట్టించారు. అమ్మానాన్నలు చెడ్డవాళ్లు కారు, బిడ్డంటే ప్రాణం. రోజూ టీవీలో చూసిందే చేశారు. ఆలస్యంగానైనా ఆసుపత్రికి పోయారు, మాత్రలతో ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. మా కర్ణాటకలో 2017లో చేతబడులు, దురాచారాలమీద చట్టం చేశారు. మంచిదే, కానీ ఆ పాప అవ్వకు చట్టం సంగతి తెలీదు, సీరియల్ తెలుసు.

పాండవపురతోనే మొదలుపెట్టండి. భయం ఉండనీ, చీకటి ఉండనీ, అవ్వలు కళ్లార్పకుండా చూడనీ. పరీక్షలో మహిమ నిలబడకపోతే మాత్రం, ప్రేక్షకులు తగ్గారని చివరి వారం దెయ్యాన్ని మళ్లీ లేపొద్దు.