గోడ కోసే మిషనుకు గార్డు ఏదీ?

జిల్లాలో ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా ఒక కొత్త స్లాబు కనిపిస్తుంది. పాత ఇళ్లవారు కూడా చెక్కపట్టీల మీద కొట్టిన వైర్లు పీకించి, గోడ లోపల పైపులు వేయించుకుంటున్నారు. ఒకప్పుడు ఈ పైపులకు గాడి తీయాలంటే ఉలి, సుత్తి పట్టుకుని మనిషి రోజంతా కొట్టవలసి వచ్చేది. ఇప్పుడా పనిని కటింగ్ మిషను గంటల్లో ముగిస్తోంది. పని సులువైంది, సంతోషమే. కాని ఆ మిషను పట్టిన మనిషి ఏ స్థితిలో పనిచేస్తున్నాడో పట్టించుకునే నాథుడు లేకపోవడం విచారకరం.

ఏ ఇంట్లో చూసినా దృశ్యం ఒక్కటే. గది నిండా తెల్లని దుమ్ము. లోపల ఎలక్ట్రీషియను, వెంట మీసాలు రాని ఒక హెల్పరు. ముఖానికి తువ్వాలు, కాళ్లకు హవాయి చెప్పులు. మిషనుకు గార్డు ఉండదు. వైరుకు ప్లగ్గు ఉండదు. రాగితీగల కొసలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతారు. ఇదేమిటని అడిగితే “పది నిమిషాల పనే కదన్నా” అని జవాబు. వేలు తెగడానికి, కరెంటు కొట్టడానికి పది నిమిషాలు అక్కరలేదు.

గార్డు తీయడానికి ఒక కారణం ఉంది. నాలుగంగుళాల గ్రైండరుతో కావలసిన లోతు రాదని, గార్డు విప్పి అయిదంగుళాల బ్లేడు బిగిస్తారు. ఈ చిన్న గ్రైండరు నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. ప్రతి బ్లేడు మీదా అది తట్టుకోగల వేగం ముద్రించి ఉంటుంది. మిషను వేగం దానిని మించితే బ్లేడు పగిలి ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. కొందరు కర్రలు కోసే పళ్ల బ్లేడునే గోడకు వాడుతున్నారు. పళ్లు గోడలో పట్టుకుంటే మిషను ఎగిరి మనిషి మీదికే వస్తుంది. ఇటుకకు, సిమెంటుకు డైమండ్ బ్లేడే వాడాలి.

అసలు గాడి తీయడానికే తయారైన యంత్రం వేరే ఉంది. దానికి పక్కపక్కన రెండు బ్లేడ్లు, పైన మూత, దుమ్ము లాగే పైపు తగిలించే చోటు ఉంటాయి. ఒకే ఊపులో రెండు కోతలు పడతాయి. మధ్యలో మిగిలినది ఉలితో రాలగొడితే చాలు. గ్రైండరు కంటే ధర ఎక్కువే. అయితే అద్దె దుకాణం వారు దుమ్ము లాగే మిషనుతో సహా ఒక్కటి తెచ్చిపెడితే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ సరిపోతుంది.

తెగిన గాయం కంటికి కనిపిస్తుంది. దుమ్ము చేసే హాని కనిపించదు. ఇసుక, ఇటుక, సిమెంటు గోడల్లో సిలికా ఉంటుంది. దాని సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి వాటిని గట్టిపరుస్తాయి. ఇదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. మన దేశంలో 1930లలోనే కోలారు బంగారు గనుల కార్మికులలో ఈ జబ్బు బయటపడింది. ఆ గనులు 2001లో మూతపడ్డాయి గాని, అదే రకం దుమ్ము ఇవాళ మన ఇంటి నడిగదిలో లేస్తోంది. దగ్గు, ఆయాసం వస్తే టి.బి. అనుకుని మందులు మింగేవారున్నారు. సిలికా పీల్చినవారికి టి.బి. సోకే ప్రమాదం కూడా ఎక్కువే. అందుకని తాను చేసే పని ఏమిటో ఆస్పత్రిలో డాక్టరుకు విధిగా చెప్పాలి.

ఈ రేణువులను తువ్వాలు ఆపలేదు. 2020లో కరోనా కాలాన ఊరూరా తెలిసిన ఎన్-95 మాస్కును ముఖానికి సందు లేకుండా కట్టుకుంటే చాలావరకు ఆపుతుంది. కళ్లకు అద్దాలు, చెవులకు బిరడాలు, కాళ్లకు బూట్లు ఉండాలి. కోత సాగినంతసేపూ కిటికీలు తెరిచి ఉంచాలి. పిల్లలను, ముసలివారిని ఇంట్లో ఉంచరాదు. పడిన దుమ్మును పొడిగా ఊడ్చక, మిషను తీసివేశాక నీళ్లు చిలకరించి ఎత్తాలి. నడుస్తున్న మిషను మీద సీసాతో నీళ్లు పోస్తే కరెంటు కొట్టి ప్రాణం పోవచ్చు.

కోతకు ముందు గోడలో పాత వైర్లు ఎక్కడున్నాయో చూసుకుని, ఆ లైనుకు కరెంటు ఆపాలి. మిషనుకు కరెంటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్న బోర్డు నుంచే ఇవ్వాలి. రెండు చేతులా పట్టుకోవాలి. స్టూలు మీద, నిచ్చెన మీద నిలబడి కోయరాదు. స్విచ్చి ఆపినా బ్లేడు పూర్తిగా నిలిచాకే కింద పెట్టాలి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకాలి, బాణం గుర్తు చూసి బిగించాలి, పగుళ్లున్న బ్లేడు పారేయాలి. సాయంత్రం గాలి రంధ్రాల్లో దుమ్ము దులపాలి. కార్బన్ బ్రష్షులు అరిగితే రెండూ కలిపి మార్చాలి. వైరు తెగిన చోట టేపు చుట్టడం రిపేరు కాదు.

గోడకూ ఒక లెక్క ఉంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు మించరాదు. అంటే తొమ్మిదంగుళాల గోడకు మూడంగుళాలు, అంగుళంన్నర. స్తంభాలను, దూలాలను అసలు కోయరాదు.

ఇవన్నీ తెలియక కాదు, పాయింటుకు ఇంత అని రేటు కుదిరాక నిదానిస్తే కూలి గిట్టదు అంటారు పనివారు. అందులో నిజం లేకపోలేదు. గృహప్రవేశానికి వేలు ఖర్చు పెట్టే ఆసామి, నాలుగు మాస్కులు, ఒక జత అద్దాల దగ్గర బేరమాడటం శోచనీయం. మేస్త్రీ మాట్లాడే రేటులోనే ఈ ఖర్చు చేరాలి. గార్డు, మూడు పిన్నుల ప్లగ్గు లేని మిషనును దుకాణదారు అద్దెకివ్వరాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారి చేతికి మేస్త్రీ మిషను ఇవ్వరాదు. పనివారు కూడా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి.

ఐ.టి.ఐ.లలో మండలానికి ఒక రోజు చొప్పున ఈ పనివారికి శిక్షణ ఇస్తే పెద్ద ఖర్చేమీ కాదు. కార్మిక శాఖ అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించాలి. గోడలో గాడి సిమెంటుతో పూడుతుంది. పాడైన ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు.