పనివాఁడును పనిముట్టును

కంప్యూటరును నడపెడు మూలసాధనమునకు ఆపరేటింగు సిస్టమని పేరు. విండోసు, మాక్, లినక్సు అనునవి వానిలో ముఖ్యములు. వీనిలో లినక్సు వెలపెట్టి కొనవలసినది కాదు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు దానికి బీజము నాటెను. నేఁడు ఎవ్వరైనను దానిని ఉచితముగా గ్రహించి, పరిశీలించి, పరులకుఁ బంచియీయవచ్చును. ఇంత సులభముగా లభించుదానిని విడిచి పనివారు విండోసునే పట్టుకొనియుండుట సోమరితనముచేతనా, భయముచేతనా, లేక నిజమైన యవసరముచేతనా? ఈ ప్రశ్న నేఁడు మనయెదుట నిలిచినది. ఏలయన, 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోసు 10నకుఁ దన సాధారణ సంరక్షణమును ముగించినది. విండోసు 11 కోరెడు చిప్పులు లేని పాత కంప్యూటర్లు, చక్కఁగాఁ బనిచేయుచున్నను, పనికిమాలినవిగా నెంచఁబడుచున్నవి. వానిలో లినక్సు నెలకొల్పుఁడని పలువురు సలహా చెప్పుదురు. సలహా మంచిదే, కాని యది యెవ్వరికిఁ జెప్పఁబడుచున్నదో చూడవలెను.

మన తెలుఁగునాటి డి.టి.పి. పనివానిని తలంచుకొనుఁడు. శుభలేఖలు, కరపత్రములు, ప్రశ్నపత్రములు, ఇట్టి వార్షిక సంచికలు వాని చేతిమీఁదనే వెలువడుచున్నవి. వారిలో ననేకులు నేఁటికిని పేజిమేకరు అను ప్రోగ్రామునందే పుటలు కూర్చుచున్నారు. అది 1985లో ఆల్డసు సంస్థ వెలువరించినది. 1994లో అడోబీ సంస్థ వశమైనది. దాని 7వ కూర్పు 2001 నాఁటిది. దానికిఁ గాని, ఫోటోషాపునకుఁ గాని లినక్సు కూర్పు లేదు. విండోసు ప్రోగ్రాములను లినక్సుపై నడపుటకు వైన్ అను సాధనము 1993 నుండి పెరుగుచున్నది. దానిలోఁ గొన్ని చక్కఁగా నడచును, కొన్ని కుంటును. రేపటి పెండ్లికి నేఁడు శుభలేఖలు ఈయవలసినవాఁడు తన జీవనాధారమును అట్టి పరీక్షకు ఒప్పగింపఁజాలఁడు.

సౌలు కవచమును తొడిగినపుడు, అది తనకు వాడుక లేదని దావీదు విడిచిపెట్టి, చేయి మరగిన వడిసెలనే తీసికొనెను. అతనిని పిఱికివాఁడని యెవ్వరనిరి? కావున పనివానిని సోమరియని నిందించువారు తొలుత వాని బల్లయొద్ద ఒక దినము కూర్చుండి చూచుట మేలు. వృత్తికి వలయు సాఫ్టువేరు పనివానిని కట్టివేయుచున్నదను మాట నిజము.

అయితే ఆ కట్టు ఎక్కడ ఉన్నది? ఆపరేటింగు సిస్టమునందు కంటె, చేసిన పనిని దాచు రూపమునందే అది గట్టిగా నున్నదని నా యభిప్రాయము. అచ్చుకూటములలో ఎక్కువగా వాడుకనున్న ‘అను’ ఫాంటులను చూడుఁడు. కంటికవి తెలుఁగక్షరములు; కంప్యూటరునకు మాత్రము రోమను సంకేతముల స్థానమున నిలిపిన బొమ్మలు. ఆ ఫాంటు లేని యంత్రమున నా పుటను తెఱచినచో తెలుఁగు మాయమై, అర్థములేని గుర్తులు కనఁబడును. ఇట్లు పదియేండ్ల పని యొక్క చెఱసాలలోఁ జేరిన పిమ్మట, యజమాని బయటికి పోఁగోరినను వాని ఫైళ్లు పోనీయవు. యూనికోడునందు 1991 నాఁటి మొదటి కూర్పునుండియు తెలుఁగునకు స్వంత స్థానము కలదు. అందు వ్రాసిన తెలుఁగు విండోసునందును, లినక్సునందును, చేతిఫోనునందును తెలుఁగుగానే నిలుచును.

ఈ భేదము నెఱిఁగినవారికిని ఎఱుఁగనివారికిని కలిగిన ఫలములు లోకమున కనఁబడుచున్నవి. జర్మనీ దేశపు మ్యూనిచ్ నగరసభ 2003లో లినక్సునకు మారుటకు నిశ్చయించి, ఇంచుమించు 15,000 కంప్యూటర్లను మార్చి, 2017లో విండోసునకే మరలవలెనని తీర్మానించెను. కారణములు పెక్కు, విండోసు కొఱకే వ్రాసిన శాఖల ప్రోగ్రాములును, ఇతర కార్యాలయములతో పత్రముల మార్పిడియు వానిలోనివి. ఫ్రాన్సు దేశపు జాందార్మెరీ యను రక్షకదళము వేఱుమార్గమును పట్టెను. 2005లో విండోసునందుండఁగనే ఓపెన్ ఆఫీసును, పిమ్మట ఫైర్‌ఫాక్సును అలవఱచుకొని, 2008 నుండి క్రమముగా ఉబుంటు అను లినక్సునకు మారెను. ప్రోగ్రాములు ముందే చేతికి అలవడుటచే కడపటి మార్పు కష్టము కాలేదు. మన పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే కంప్యూటరు విద్యను గఱపుచున్నవి. బాలునకు వెనుకటి ఫైళ్ల భారము లేదు గదా!

కావున పనివానికి ‘విండోసును విడువుము’ అని చెప్పుటకంటె, ‘నేఁటినుండి చేయు పనిని యూనికోడునందుఁ జేయుము’ అని చెప్పుట న్యాయము. లిబ్రె ఆఫీసు, స్క్రైబసు, ఇంక్‌స్కేపు, గింపు అనునవి రెండు సిస్టములమీఁదను నడచును. అవి పాతవానితో అన్నింట సమానములని నేను చెప్పను. వెనుకటి పనులకై పాత కంప్యూటరు నొకదానిని ఇంటర్నెట్టుతో సంబంధము లేక యుంచి, క్రొత్త పనులను క్రొత్తదారిని నడపవచ్చును. ఇట్లు చేసిన కొన్ని యేండ్లకు, మాఱుటయో మానుటయో వాని యిష్టమగును. స్వేచ్ఛయనఁగా విధిగా వెడలిపోవుట కాదు. వెడలుటకు ద్వారము తెఱచియుండుట.

పాఠశాలలకును ఇందు బాధ్యత కలదు. మనము అచ్చునకిచ్చు ప్రతులను యూనికోడునందే సిద్ధపఱచి యీయవలెను. అచ్చైన పిదప ఆ మూలప్రతిని మనయొద్దనే భద్రపఱుపవలెను. విద్యార్థులారా, మీలోఁ గొందఱు రేపు అచ్చుకూటములలో, కార్యాలయములలో, లెక్కల బల్లలయొద్ద జీవనము సాగింతురు. ఒక్క ప్రోగ్రాములోని మీటలను మాత్రము కంఠస్థము చేయక, పుట యెట్లు కూర్చఁబడునో, అక్షరము యంత్రములో నెట్లు నిలుచునో నేర్చుకొనుఁడు. పనిముట్టులు మాఱుచునే యుండును. పనితనము మీదైనచో ఏ మార్పును మీ యన్నమును తీసివేయఁజాలదు.