కారణం లేని మరణాలు: ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’పై ఒక వైద్యుని అభిప్రాయం

కర్ణుని చావుకు కారణాలు అనేకమని మన పెద్దలు అంటారు. పరశురాముని శాపం, కవచకుండలాల దానం, కుంతికి ఇచ్చిన మాట, శల్యుని సారథ్యం అన్నీ కలిస్తేనే ఆ మరణం సంభవించింది. విన్నవారు దుఃఖిస్తారే గాని, ఇలా ఎందుకు చంపారని కవిని నిలదీయరు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ధారావాహిక అభిమానులు మాత్రం అది ముగిసి ఏళ్లు గడిచినా నిలదీస్తూనే ఉన్నారు. వారి ఆవేదనలో న్యాయం ఉన్నదని, ఆ న్యాయం మన ఆరోగ్యానికీ సంబంధించినదని నా అభిప్రాయం. ఈ ధారావాహికను ఇకపై చూడదలచినవారు చదవడం ఇక్కడితో ఆపడం మంచిది. కథ ముందే తెలిసిపోతుంది.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల ఆధారంగా హెచ్‌బీవో సంస్థ దీనిని 2011 ఏప్రిల్ నుంచి 2019 మే వరకు 8 సీజన్లలో, 73 భాగాలుగా ప్రసారం చేసింది. మన ఇళ్లలోనూ ఎందరో యువతీయువకులు దీనిని ఆసక్తిగా చూశారు. ఇందులోని మరణాలను ఆస్ట్రేలియాలోని మాక్వెరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోగులను లెక్కించినట్లే లెక్కించి, 2018లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఏడవ సీజన్ ముగిసేనాటికి వారు పరిశీలించిన 330 పాత్రలలో 186 మరణించాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులకు గాయాలే కారణం. మేస్టర్ ఏమన్ వలె వార్ధక్యంతో పడకపై కన్నుమూసినవారు అత్యంత అరుదు.

ఇన్ని మరణాలను ఏళ్ల తరబడి మెచ్చుకున్న ప్రేక్షకులే చివరి సీజన్లను ఎందుకు తిరస్కరించారు? దీనికి సమాధానం వైద్యులు నింపే ఒక పత్రంలో ఉన్నది.

ఆసుపత్రిలో ఎవరైనా మరణిస్తే మరణ కారణాన్ని ధ్రువీకరించే పత్రం రాయాలి. అందులో మొదట తక్షణ కారణం, దాని కింద దానికి దారితీసిన కారణం, అన్నిటికన్నా కింద మూల కారణం రాయవలసి ఉంటుంది. గుండె ఆగిపోయిందని రాస్తే చాలదు. అది మరణించిన తీరు మాత్రమే. గుండె అందరికీ ఆగుతుంది. ఎందువల్ల ఆగిందన్నదే ప్రశ్న.

ఈ పత్రాన్ని తొలి సీజన్లలోని మరణాలకు నింపి చూడండి. నెడ్ స్టార్క్ మరణానికి తక్షణ కారణం శిరచ్ఛేదం. దానికి దారితీసినది, రాణి సెర్సీ రహస్యం తనకు తెలుసునని ఆమెకే ముందుగా చెప్పడం. మూల కారణం, పిల్లల ప్రాణాలు కాపాడాలన్న అతని దయ. రాబ్ స్టార్క్ విందులో హతుడు కావడానికి కారణం, ఫ్రే వంశానికి ఇచ్చిన పెళ్లి మాట తప్పడం. మూడు గడులూ నిండుతాయి. గుండె కలుక్కుమంటుంది గాని, బుద్ధి అంగీకరిస్తుంది.

గాయాల విషయంలోనూ అప్పట్లో అదే నిజాయితీ కనిపిస్తుంది. ఖాల్ ద్రోగో తన ఛాతీపై పడిన కత్తిగాటును లెక్కచేయలేదు. అది చీము పట్టింది. అంతటి యోధుడు నీరసించి గుర్రం మీదనుంచి పడిపోయాడు. అందులో మంత్రగత్తె పాత్ర ఎంత అన్నది వేరే చర్చ. నిర్లక్ష్యం చేసిన గాయం గమనం మాత్రం మేము వార్డుల్లో చూసినదే. కాలికి ఈటె దిగిన నెడ్ స్టార్క్ ఆ తరువాత కర్ర ఊతంతో నడిచాడు.

ఇక ఆరవ సీజన్ చూడండి. ఆర్యా స్టార్క్‌ను కడుపులో పలుమార్లు పొడుస్తారు. ఆమె మురికి కాలువలో పడుతుంది. మరుసటి భాగంలోనే వీధుల వెంట పరుగెత్తి, గోడలు దూకుతుంది. ఏడవ సీజన్‌లో జాన్ స్నో గడ్డకట్టిన సరస్సులో మునిగి, తడిబట్టలతో మంచులో ప్రయాణించి బతికి బయటపడతాడు. ఎనిమిదవ సీజన్‌లో వింటర్‌ఫెల్ యుద్ధంలో శవసైన్యం చుట్టుముట్టిన ముఖ్యపాత్రలు పలువురు క్షేమంగా తెల్లవారు చూస్తారు.

అభిమానులలో ఒక వర్గం, రచయితలకు ఎవరినీ చంపే ధైర్యం లేకపోయిందని అంటున్నది. మరొక వర్గం, డైనేరిస్‌ను అన్యాయంగా చంపారని వాదిస్తున్నది. ఈ రెండూ ఒకే ఫిర్యాదు. బతికినవారు ఎందుకు బతికారో, చచ్చినవారు ఎందుకు చచ్చారో చెప్పలేదన్నదే ఆ ఫిర్యాదు.

డైనేరిస్ క్రౌర్యం మొదటినుంచీ సూచితమేనని కొందరు చూపుతారు. అది నిజమే, మనుషులను ఆమె తొలి సీజన్ నుంచే దహనం చేయించింది. అయితే రోగం దాగి ఉండటం వేరు, అది ముదిరిన క్రమాన్ని చూపడం వేరు. మొదటి ఆరు సీజన్లకు పదేసి భాగాలు ఉండగా, చివరి రెండు సీజన్లకు కలిపి 13 మాత్రమే దక్కాయి. లొంగిపోయిన నగరాన్ని గంటలు మోగిన తరువాత తగలబెట్టేంత ఉన్మాదానికి ఆ వ్యవధి చాలలేదు. ఆమె డ్రాగన్ ఒకటి సముద్రం మీద కూలిన భాగానికి, శత్రు నౌకాదళం సంగతి ఆమె మరచిపోయిందన్న అర్థంలో నిర్మాత డేవిడ్ బెనియాఫ్ వివరణ ఇచ్చారు. మరపు అని రాయడం, గుండె ఆగిందని రాయడం వంటిదే.

మార్టిన్ అయిదవ నవల 2011లోనే వచ్చింది. ఆ తరువాతి నవల రాకపోవడంతో నిర్మాతలు ఆధారం లేకుండా సాగవలసి వచ్చిందన్న మాటను కాదనను. చివరి సీజన్ కూడా ఉత్తమ నాటక ధారావాహికగా ఎమ్మీ పురస్కారం పొందింది. దానిని మళ్లీ తీయాలంటూ పది లక్షలమందికి పైగా సంతకాలు చేయడం నాకు సబబుగా తోచలేదు. నచ్చకపోతే విమర్శించవచ్చు, ఒకరి రచనను తిరగరాయమనే హక్కు ప్రేక్షకునికి లేదు.

అయినా ఇటువంటి దృశ్యాలు మనలో పెంచే భ్రమ గురించి చెప్పక తప్పదు. కడుపులో కత్తిపోటు తగిలినవారు లేచి నడిచినా అది క్షేమానికి గుర్తు కాదు. పేగు చిల్లుపడితే లోపలంతా చీము పట్టి ప్రాణం మీదకు వస్తుంది. దిగిన కత్తిని లాగకూడదు. నీరు గాని, ఆహారం గాని ఇవ్వకూడదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. మధుమేహం ఉన్నవారు ద్రోగోను గుర్తుంచుకుని, చిన్న గాటు ఎర్రబడినా వైద్యునికి చూపించుకోవాలి.

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు ఒక పాత్ర మరణంపై గంటల తరబడి వాదించుకుంటే వారిని ఎగతాళి చేయకండి. మరణానికి కారణం అడగడం మంచి అలవాటు. మన పెద్దలు పోయినప్పుడు మనం అడగనిదే అది. నాన్నగారు గుండె ఆగి పోయారని సరిపెట్టుకుంటాము. దాని వెనుక ఇరవై ఏళ్లుగా అదుపు తప్పిన రక్తపోటు ఉన్నదని తెలిస్తే కొడుకులూ కూతుళ్లూ ముందే జాగ్రత్తపడతారు. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆసుపత్రి ఆ కారణపత్రం ప్రతిని దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. అట్టడుగు గడిలో ఏమి రాశారో చదవండి.