అంత తెలిసినవాడికి ఇంత మాత్రం రాదా?



ఏడేళ్ల బాబును ఒకణ్ణి ఊహించుకోండి. ఆత్మకూరు బస్టాండులో ఏ బస్సు ఎన్ని గంటలకు బయలుదేరుతుందో తడుముకోకుండా చెప్తాడు. ఉదయగిరి బస్సు, నెల్లూరు బస్సు, అన్నీ నోటికే. పదహారో ఎక్కం దాకా గడగడా అప్పజెప్తాడు. అదే బాబును "ఈరోజు స్కూల్లో ఏం చేశావు నాన్నా?" అని అడిగితే జవాబు ఉండదు. చొక్కా గుండీలు పెట్టుకోలేడు. ప్రార్థనలో మైకు మోగగానే చెవులు మూసుకుని ఏడుస్తాడు. అప్పుడు ఇంట్లో పెద్దలు, ఒక్కోసారి మా టీచర్లూ, అనే మాట ఒకటే: "అంత తెలిసినవాడికి ఇంత మాత్రం రాదా? అంతా మొండితనం!"

ఈ మాట మనం మానుకోవాలి. ఆటిజం ఉన్న పిల్లలకు ఇది అన్యాయం చేస్తుంది.

మామూలుగా ఒక విషయంలో చురుగ్గా ఉన్న పిల్లలు మిగతావాటిలోనూ దాదాపు అలాగే ఉంటారని మనం అనుకుంటాం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ లెక్క కుదరదు. వాళ్ల శక్తులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే, వాళ్లలో కొందరి జ్ఞాపకశక్తి ఎంత గొప్పదో, ఎదుటివారితో మాట కలపడం వాళ్లకు ఎంత కష్టమో రెండూ కనిపిస్తాయి. కాబట్టి ఎక్కాలు రావడం ఎంత నిజమో, గుండీలు పెట్టుకోలేకపోవడమూ అంతే నిజం. ఒకటి ఉంది కాబట్టి రెండోది నటన అనుకోకూడదు.

చదువులో ఈ తేడా మనల్ని ఇంకా సులువుగా మోసం చేస్తుంది. కొందరు పిల్లలు పాఠాన్ని ఒక్క తప్పు లేకుండా పైకి చదివేస్తారు. "కథలో ముసలమ్మ ఎందుకు బాధపడింది?" అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. అక్షరాలు పట్టుకోవడం వేరు, అర్థం పట్టుకోవడం వేరు. కూడికలు, తీసివేతలు చకచకా చేసే పిల్లవాడు అదే లెక్కను నాలుగు వాక్యాల్లో ఇస్తే ఆగిపోవచ్చు. తప్పు లెక్కలో లేదు, వాక్యాల్లో ఉంది. ఇది తెలియక మనం లెక్కల ట్యూషన్ పెట్టిస్తాం.

ఇక ప్రోగ్రెస్ కార్డు సంగతి. ఒక సబ్జెక్టులో 90, మరోదాంట్లో 20 వస్తే సగటు 55. ఆ 55 ఆ పిల్లవాడి గురించి ఏమీ చెప్పదు. వారం వారం పరీక్షలు, ర్యాంకులు నడిపే మా లాంటి పాఠశాలలు మొత్తం మార్కుల మీదే ఎక్కువ దృష్టి పెడతాయి. ఈ తప్పు మాలోనూ ఉందని ఒప్పుకుంటున్నాను.

దీనికి వ్యతిరేకమైన తప్పు ఇంకొకటి ఉంది. ఆటిజం అనగానే ఏదో అద్భుత ప్రతిభ దాగి ఉంటుందని ఆశపడటం. టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికన్ ప్రొఫెసర్‌కు మూడున్నరేళ్ల దాకా మాటలు రాలేదు. తన ఆలోచన బొమ్మల రూపంలో సాగుతుందని ఆమే చెప్పారు. ఆల్‌జీబ్రా కొరుకుడు పడని ఆమె పశువుల శాలల రూపకల్పనలో పేరు తెచ్చుకున్నారు. కానీ ప్రతి బిడ్డా అలా కావాలని లేదు. పిల్లల బలం పేరు తేవక్కర్లేదు. రానిది నేర్పడానికి ఆసరాగా నిలిస్తే చాలు.

ఆ బస్సుల బాబునే తీసుకోండి. గడియారం చూడటం బస్సు టైములతో నేర్పవచ్చు. రెండు బస్సుల మధ్య ఎన్ని నిమిషాలు అని తీసివేత నేర్పవచ్చు. "బస్సు ఎందుకు ఆలస్యమైంది?" అని అడుగుతూ కారణం చెప్పడం అలవాటు చేయవచ్చు. చొక్కా వేసుకోవడాన్ని అయిదారు మెట్లుగా విడదీసి, బొమ్మలు గీసి గోడకు అంటించవచ్చు. "సంచి సర్దుకుని, నీళ్లు నింపుకుని, బూట్లు వేసుకుని రా" అని ఒక్కసారే కాకుండా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పవచ్చు. వీటిలో దేనికీ డబ్బు అక్కర్లేదు.

"స్కూలుకు చెబితే సీటు ఉంచరేమో" అని కొందరు దాచిపెడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాలలు ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకుని, అవసరమైన సర్దుబాట్లు చేయాలని ఆ చట్టం ఉద్దేశం. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి కూడా అందులో ఉన్నాయి. అనుమానం ఉంటే పిల్లల వైద్యుడికి చూపించండి. దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ నెల్లూరులోనే ఉంది. ఉదయగిరి నుంచి అది ఒక రోజంతా పట్టే ప్రయాణమే, నిజమే. అయినా ఏళ్ల తరబడి బిడ్డను మొండివాడని తిట్టడం కన్నా ఆ ఒక్క రోజు మేలు.

ఆటిజం లేని పిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. మీ బిడ్డ పక్క బెంచీలో ఇలాంటి పిల్లవాడు ఉంటే, "వాడికి పొగరు" అని ఇంట్లో అనకండి. మీరన్న మాటే రేపు తరగతిలో వినపడుతుంది.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి ఒక తెల్లకాగితం తెచ్చుకోండి. మధ్యలో గీత గీసి, ఒకవైపు మీ బిడ్డ ఎవరూ చెప్పకుండానే చేసేవి, మరోవైపు ఎంత చెప్పినా ఇబ్బంది పడేవి రాయండి. మార్కులు రాయవద్దు. ఆ కాగితాన్ని క్లాస్ టీచర్ చేతిలో పెట్టి, "మొదటి వరుసతో రెండో వరుసను ఎలా నేర్పుదాం?" అని అడగండి. సరైన జవాబు రాకపోతే మళ్లీ అడగండి. అది మీ హక్కు.