కిండర్‌డైకు గ్రామము - ఉమ్మడి గట్టు

మురుగు దిగని చేనికి ఎంత యెరువు వేసినను ఫలము లేదు. నీరు పెట్టుట యొక రైతు చేతనగును గాని, నీరు తీయుట యొకని చేత గాదు. ఇందుకు హాలెండు దేశమందలి కిండర్‌డైకను చిన్నపల్లె మంచి నిదర్శనమని మా యభిప్రాయము. 17వ శతాబ్దారంభమున మచిలీపట్టణమునకు వర్తకమునకై వచ్చిన వలందావారి దేశమే యిది.

ఈ గ్రామము రాటర్‌డాము నగరమునకు తూర్పున, లెక్, నోర్డ్ అను నదులు కలియుచోట నున్నది. దీని వెనుకనున్న ఆల్బ్లాసర్‌వార్డ్ అను పల్లపునేల నదిగట్టులమధ్య గిన్నెవలె నుండును. ఆ నేల కుళ్లిన మొక్కల మన్ను. మురుగు తీసినకొలది అది కుంగును. కుంగినకొలది మరింత నీరు తోడవలసివచ్చును. నేడు నదిమట్టము పొలముకంటె ఎత్తుగానున్నది.

1277లో ఐదవ ఫ్లోరిస్ ప్రభువు ఈ ప్రాంతపు గట్టుల పాలనకు శాసనము నొసగెను. తన వంతు గట్టు బాగుచేయజాలనివాడు దానిపై పార గ్రుచ్చి పొలము విడిచి పోవలయుననియు, ఆ పార పెరికినవానికి పొలమును, గట్టుబాధ్యతయు కలిసియే చెందుననియు ఆ దేశమున పూర్వాచారము కలదు. కఠినమే, కాని ఒక్కని గండి వేయిమందిని ముంచును గదా! 1421లో వచ్చిన గొప్పవరదలో నొక యుయ్యాల, అందు శిశువుతో, పిల్లి యటునిటు దుముకుచు తూకము నిలుపగా, ఈ గట్టుకు చేరెనని కథ చెప్పుదురు. కిండర్‌డైకనగా శిశువు గట్టు అని యర్థము.

1738లో నెనిమిది యిటుక గాలిమరలును, 1740లో నెనిమిది గడ్డికప్పు గాలిమరలును ఇచ్చట కట్టబడెను. ఇప్పుడు మొత్తము 19 కలవు. ఇవి పూర్వము పల్లపుకాలువ నీటిని ఎత్తుకాలువలోనికి తోడుచుండెను. నది తగ్గినపుడు తూములు తెరచి విడుచుచుండిరి. 1868లో ఆవిరియంత్రములు వచ్చెను. రెండవ మహాయుద్ధకాలమున ఇంధనము కరవైనపుడు పాత గాలిమరలే మరల పని చేసెను. 1953 ఫిబ్రవరి 1వ తేదీన సముద్రపు పోటు వలన గట్టు తెగి ఈ ప్రాంతము మునిగెను. పిమ్మట గట్టులు బలపరుపబడినవి. 1997లో ఈ గాలిమరలు ప్రపంచవారసత్వపు జాబితాలో చేరెను.

మేము మెచ్చునది గాలిమరలను గాదు, వాని వెనుకనున్న కట్టుబాటును. అచ్చటి నీటిసంఘమునకు భూస్వాములు, నివాసులు అందరును పన్ను చెల్లింతురు. ఆ సంఘపు సభ్యులను నాలుగేండ్ల కొకసారి ఎన్నుకొందురు. సాగుభూముల పక్షమున కొన్ని స్థానములు ప్రత్యేకముగ నుంచబడినవి.

మన డెల్టాభూములలో గుఱ్ఱపుడెక్క నిండి మురుగుకాలువ పూడినపుడు, ‘నా చేను మెరకది, నాకేల?’ యని మెరకవాడును, ‘సర్కారు చూచుకొనును’ అని పల్లపువాడును ఊరకుందురు. సర్కారు పెద్దకాలువను త్రవ్వవచ్చును. చేనిగట్టు బోదెను రైతులే కాపాడవలెను. తొలకరికి ముందే ప్రతి సంఘమువారును సమావేశమై, ఎకరముల లెక్కను చందా వేసికొని, బోదెలు శుభ్రపరుపవలెనని రైతు సోదరులకు మా మనవి. పార గ్రుచ్చి పోవువాని నేడు మనము పంపజాలము. కావున పార పట్టని వానిని నచ్చజెప్పి తెచ్చుటయే సంఘధర్మము.